బందరులో ఒక పాత ఇనుగుదురుపేట మనిషి కోసం: ఏ రికార్డు ఎంతవరకు పనికొచ్చిందంటే

బందరు ఈడేపల్లిలో మా నాన్న 1971లో కొన్న పెంకుటిల్లు అమ్మకానికి పెట్టాం. అమ్మకి 82 ఏళ్లు, హైదరాబాదులో నా దగ్గరే ఉంటోంది. నాన్న పోయి చాలా కాలమైంది. ఏటా వానాకాలం వచ్చేసరికి ఆ ఇంటికి పెంకులు సర్దించడం, అద్దెవాళ్లతో మాట్లాడటం ఇక నా వల్ల కావడం లేదు. మంచి బేరమే వచ్చింది. కొనేవాళ్లు బ్యాంకు లోను పెట్టుకున్నారు. బ్యాంకు తరఫు వకీలు గారు నాన్న దస్తావేజు తేదీ నుంచి ఇవాళ్టి దాకా ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తెమ్మన్నారు. అంతే, అక్కడ నుంచి రెండున్నర నెలలు ఒకప్పుడు మా నాన్నకి అప్పిచ్చిన, నేను ఎన్నడూ చూడని ఒక పెద్దాయన కోసం వెతుక్కుంటూ తిరిగాను. ఆయన ఎవరు, ఉన్నారా పోయారా, పిల్లలెక్కడున్నారు అనేవన్నీ నాకు కాగితం మీద కావలసి వచ్చాయి. ఆ రెండున్నర నెలల్లో నేను వాడుకున్న సేవల గురించి రాస్తున్నాను. ఇలాంటి పని మీద పడ్డవాళ్లకి నేను పోగొట్టుకున్న రోజులు మిగలాలని.

ఆ కుటుంబం పేరు మాత్రం రాయను. వాళ్లని అడగలేదు, అడగాలనీ అనిపించలేదు.

ముందు ఆన్‌లైన్ ఈసీ సంగతి. ఫలానా ఆస్తి మీద ఏయే అమ్మకాలు, తనఖాలు, దానాలు రిజిస్టరయ్యాయో చూపించే పట్టీ అది. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఇంటి వివరాలు, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు పేరు ఇస్తే మా ఇంటి ఈసీ ఇంట్లో కూర్చునే వచ్చింది. ఒక్క ఎంట్రీ లేదు. హమ్మయ్య అనుకున్నాను. వకీలు గారు చూసి, ‘ఇది 1983 నుంచే కదండీ, అంతకు ముందుది కావాలి’ అన్నారు. నిజమే. ఆన్‌లైన్‌లో దొరికేది 1983 జనవరి 1 నుంచి జరిగినవే. అంతకు ముందువి చేత్తో రాసిన ఇండెక్సు పుస్తకాల్లో ఉంటాయి, ఆఫీసుకి వెళ్లి వెతికించుకోవాలి. పాత ఇల్లు అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఈ తేదీ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఆన్‌లైన్ ఈసీ ఖాళీగా ఉందంటే 1983 తర్వాత ఖాళీ అని మాత్రమే.

రాత్రి రైలెక్కి బందరు వెళ్లాను. మాన్యువల్ ఈసీకి అర్జీలో వార్డు, పాత డోరు నంబరు, నాలుగు హద్దులు రాయాలి. హద్దులు చాలా ముఖ్యం. తూర్పున ఫలానావారి ఇల్లు, పడమర మున్సిపాలిటీ బజారు అని నాన్న దస్తావేజులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఎక్కించాను. మూడో రోజు కాగితం చేతికొచ్చింది. అందులో ఒకే ఒక్క ఎంట్రీ. 1979లో మా నాన్న ఈ ఇంటిని తనఖా పెట్టి, ఇనుగుదురుపేటలో ఒక బియ్యం వ్యాపారి దగ్గర అప్పు తీసుకున్నారు. ఆ తనఖా తీరినట్టు మాత్రం ఎక్కడా రిజిస్టరు కాలేదు.

ఆఫీసు బయట వేపచెట్టు కింద నిలబడి అమ్మకి ఫోన్ చేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ‘తీర్చేశారే, ఎప్పుడో తీర్చేశారు, చెల్లు కూడా రాయించుకున్నారు’ అంది. ఆ కాగితం ఏమైందంటే ఆమెకి గుర్తులేదు. మేము ఊళ్లు మారినప్పుడు రెండు ట్రంకు పెట్టెల్లో ఒకటి చెదలు పట్టి పోయింది. అందులోనే ఉండి ఉంటుంది.

వకీలు గారు మంచివారు. తనఖా డబ్బు కోసం దావా వేయడానికి 1963 కాలపరిమితి చట్టం ప్రకారం 12 ఏళ్లే గడువని, అది ఎప్పుడో దాటిపోయిందని ఆయనే చెప్పారు. అయినా బ్యాంకు ఒప్పుకోవాలంటే అప్పిచ్చినాయన గానీ, ఆయన వారసులు గానీ అప్పు తీరిపోయిందని చెల్లు రసీదు రాసి రిజిస్టరు చేయించాలన్నారు. 1979లో అప్పిచ్చిన మనిషి! నాకు టెన్షన్ మొదలైంది.

ఇక్కడ నేనొక పొరపాటు చేశాను. హైదరాబాదు తిరిగొచ్చాక, మనుషుల వివరాలు వెతికిపెడతామని చెప్పే ఒక ప్రైవేటు వెబ్‌సైటు కనిపించింది. పేరు, ఊరు ఇస్తే 48 గంటల్లో పూర్తి నివేదిక అన్నారు. 1,499 రూపాయలు కట్టాను. వచ్చింది నాలుగు పేజీల పీడీఎఫ్. అందులో ఉన్నది ఆయన పేరే కలిగిన ఇంకో మనిషి. తండ్రి పేరు వేరు, వయసు ముప్పై ఏళ్లు తేడా. పాత ఓటర్ల జాబితా నుంచి ఎత్తి రాసిన నాలుగు ముక్కలు, ఒక ఫోన్ నంబరు. ఆత్రం కొద్దీ ఆ నంబరుకి చేశాను. ఒక పెద్దావిడ ఎత్తారు. ఆయన పేరు చెప్పి, తనఖా అప్పు విషయం అనగానే ఆవిడ గొంతు మారిపోయింది. ‘ఎవరమ్మా మీరు, మా ఆయనకి అప్పులేంటి’ అని కంగారు పడ్డారు. క్షమించమని మూడుసార్లు చెప్పాను. ఆ మధ్యాహ్నం అన్నం సహించలేదు. ఇలాంటి సేవలకి డబ్బు కట్టకండి. డబ్బు పోవడం ఒక్కటే కాదు, సంబంధం లేని ఇంటి తలుపు మన చేత తట్టిస్తారు. ఆ నంబరు వాళ్లకి ఎలా వచ్చిందో ఆవిడకి తెలియదు, నాకూ తెలియదు.

బుద్ధి వచ్చాక మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి బందరులోనే వారం రోజులు మా పెద్దమ్మ కూతురి ఇంట్లో ఉన్నాను.

1979 తనఖా దస్తావేజు నకలుకి అర్జీ పెట్టాను. చాలామందికి తెలియని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. స్థిరాస్తుల దస్తావేజులన్నీ ఎక్కేది రిజిస్ట్రేషన్ ఆఫీసులోని 1వ పుస్తకంలో. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, నిర్ణయించిన ఫీజు కట్టి ఆ పుస్తకం ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. ఆ ఆస్తి మీ సొంతమే కానక్కరలేదు. వీలునామాలు ఎక్కేది 3వ పుస్తకం. రాసినాయన బతికుండగా ఆయనకో ఆయన ఏజెంటుకో తప్ప దాని నకలు ఇవ్వరు, పోయాక అడిగినవాళ్లకి ఇస్తారు. వీలునామా ఈసీలో కనపడదని కూడా వకీలు గారే చెప్పారు. మిగతా రకం కాగితాలుండే 4వ పుస్తకం ఆ కాగితంలో ఉన్న పార్టీలకే. ఈ తేడా తెలిసి అడిగితే కౌంటరు దగ్గర మాట సూటిగా ఉంటుంది. సమాచార హక్కు కింద 10 రూపాయలు కట్టి అడగమని మా బావగారు సలహా ఇచ్చారు గానీ, అక్కడ జవాబుకి 30 రోజుల గడువు. దీనికి మామూలు నకలు అర్జీయే దగ్గర దారి.

1998లో కార్డ్ పేరుతో రిజిస్ట్రేషన్ ఆఫీసులకి కంప్యూటర్లు వచ్చాయి. అంతకు ముందు దస్తావేజుని పెద్ద పెద్ద పుస్తకాల్లో చేత్తో తిరిగి రాసేవారు. నాకు దొరికిన నకలు అలాంటి పేజీల నుంచి తీసిందే. గొలుసుకట్టు రాత, అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ‘బందరు కాపురస్తులు’ అని మొదలై రెండు పేజీలు సాగింది. మొత్తం 8,000 రూపాయలు, నూటికి నెలకి రూపాయిన్నర వడ్డీ. ఎందుకు తీసుకుంటున్నారో కూడా రాసి ఉంది. ‘నా చెల్లెలి వివాహ ఖర్చుల నిమిత్తము’ అని.

చిన్నత్తయ్య పెళ్లి. నాకు లీలగా గుర్తుంది. బందరు లడ్డు గంగాళాల్లో చేయించారు, విడిదింటికి ఇత్తడి బిందెలతో నీళ్లు మోశాం. ఆ పెళ్లికి ఇల్లు తాకట్టు పెట్టారని నాకే కాదు, చిన్నత్తయ్యకి కూడా తెలియదు. కింద మా నాన్న సంతకం నకలులో రాదు, ‘సంతకం’ అన్న మాట పక్కన రాతగాడి చేతిలో ఆయన పేరు ఉంటుంది అంతే. అయినా ఆ పేరు మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఈ నకలు సేవకి నేను అయిదుకి అయిదు ఇస్తాను. కావలసిన సమాచారం మొత్తం అందులో ఉంది: అప్పిచ్చినాయన పేరు, తండ్రి పేరు, వృత్తి, పేట, డోరు నంబరు, అప్పటికి ఆయన వయసు 52.

అంటే ఇప్పుడు బతికి ఉండే అవకాశం దాదాపు లేదు. వారసుల్ని వెతకాలి.

ఓటర్ల జాబితా చూశాను. ఎన్నికల సంఘం వెబ్‌సైట్లలో పోలింగు కేంద్రాల వారీగా పీడీఎఫ్‌లు ఉంటాయి, డబ్బేమీ అక్కర్లేదు. మన రాష్ట్రంలోవి తెలుగులో ఉండటం పెద్ద ఊరట. ఇంగ్లీషులో అయితే ఒకే పేరుని నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు, సున్నా ఉన్నచోట ఎన్ అని ఒకరు, ఎమ్ అని ఒకరు. తెలుగులో ఆ బాధ సగానికి సగం తగ్గుతుంది. ఇంటి నంబరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు పక్కపక్కనే ఉంటాయి. నేను తీసిన పీడీఎఫ్‌లలో మాట కొట్టి వెతికే వీలు లేదు, వరస పెట్టి కళ్లతో చదవాలి. ఇనుగుదురుపేట భాగాలు రెండు రోజులు చదివాను. ఆ ఇంటిపేరు వాళ్లు చాలామంది ఉన్నారు, ఆ తండ్రి పేరు గలవాళ్లు మాత్రం లేరు. నాకు తర్వాత తెలిసింది, వాళ్లు ఊరు వదిలి పాతికేళ్లు దాటిందని. ఓటర్ల జాబితా ఇవాళ ఎవరున్నారో చెబుతుంది, నిన్న ఎవరుండేవారో చెప్పదు. ఉన్నచోటే ఉన్న మనిషిని రూఢి చేసుకోవడానికి మంచిది. వెళ్లిపోయిన మనిషిని వెతకడానికి కాదు.

అమ్మ ఫోన్లో, ‘జనాభా లెక్కల్లో ఉండరూ?’ అని అడిగింది. ఉంటారు, కానీ అవి ఎవరికీ చూపించరు. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఏ ఇంటి వివరాలూ బయటివాళ్లు చూడటానికి వీల్లేదు, కోర్టులో సాక్ష్యంగా కూడా పనికిరావు. అలా ఉండటమే మంచిదని ఆ పెద్దావిడతో మాట్లాడాక నాకు గట్టిగా అనిపించింది.

జాబితాలు పక్కన పెట్టి, మనిషి కాకపోతే ఇల్లయినా దొరుకుతుందని ఇనుగుదురుపేట వెళ్లాను. 1979 నాటి డోరు నంబరు ఇప్పుడు లేదు. నంబర్లు మారిపోయాయి. ఆ వీధి మొదట్లో ఇస్త్రీ బండి దగ్గర ఒక తాతగారు ఉంటే, బియ్యం వ్యాపారం చేసే ఫలానావారి ఇల్లు అని అడిగాను. ‘మేడమీద రేకులు, ముందు నందివర్ధనం చెట్టు ఉండేది, ఆ ఇల్లేనా? అదుగో ఆ అపార్ట్‌మెంటు’ అని చూపించారు. వాళ్లెక్కడికి వెళ్లారో ఆయనకి తెలియదు. అపార్ట్‌మెంటు వాళ్లకి అసలే తెలియదు. కానీ గేటు మీద కొత్త డోరు నంబరు ఉంది. నాకు కావలసింది అదే.

ఆ నంబరుతో ఈసీ తీయించాను. ఈసారి ఆన్‌లైన్ ఈసీయే నన్ను గట్టెక్కించింది. పై నుంచి ఫ్లాట్ల అమ్మకాలు, వాటి కింద బిల్డరుతో డెవలప్‌మెంట్ అగ్రిమెంటు, ఇంకా కిందకి వస్తే 1996లో ఒక అమ్మకం. ఈసీలో పేర్ల ముందు ఈఎక్స్ అని ఉంటే రాసిచ్చినవాళ్లు, సీఎల్ అని ఉంటే రాయించుకున్నవాళ్లు. 1996 ఎంట్రీలో ఈఎక్స్ పక్కన నాలుగు పేర్లున్నాయి. ఒక స్త్రీ, ఇద్దరు మగవాళ్లు, ఇంకో స్త్రీ. మగవాళ్లిద్దరి తండ్రి పేరూ మా పెద్దాయన పేరే.

ఎవరికైనా నేను గట్టిగా చెప్పే సలహా ఇదొక్కటే. చిన్న ఊళ్లో మనిషిని పేరుతో వెతక్కండి, ఆయన ఉన్న ఇంటితో వెతకండి. ఒకే పేరు ఊళ్లో పదిమందికి ఉంటుంది, హద్దులు మాత్రం ఒక్క ఇంటికే ఉంటాయి. పైగా ఇంటి పెద్ద పోయాక ఇల్లు అమ్మాలంటే వారసులందరూ వచ్చి వేలిముద్రలు వేయాల్సిందే. ఆ దస్తావేజే ఆ కుటుంబపు పట్టీ.

1996 దస్తావేజు నకలు తీసుకున్నాను. పెద్దాయన 1991లో పోయినట్టు తేదీతో సహా ఉంది. భార్య, ఇద్దరు కొడుకులు, కూతురు, వాళ్ల వయసులు, కూతురి భర్త పేరు, అప్పటి చిరునామాలు. కొడుకులిద్దరూ అప్పటికే వేరే ఊళ్లో ఉన్నారు. ఆ చిరునామాలు అద్దె ఇళ్లవని చూడగానే తెలుస్తోంది. మళ్లీ ఆగిపోయాననుకున్నాను. చివరి పేజీలో సాక్షుల పేర్లు, ఆ కింద ‘దస్తూరి’ అని రాతగాడి పేరు, ఆయన లైసెన్సు నంబరు కనిపించాయి. సాక్షుల్ని, దస్తూరిని మనం ఎప్పుడూ చదవం. నేనూ చదవలేదు, మా పెద్దమ్మ కూతురు వేలు పెట్టి చూపించింది.

ఈ సమీక్షలో నేను అందరికంటే ఎక్కువ చెప్పదలచుకున్నది ఆ దస్తావేజు లేఖరి కొట్టు గురించే. ఆయన పోయారు. కొడుకు నడుపుతున్నారు, దాదాపు నా వయసే. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక ప్రింటరు, గోడకి ఆయన తండ్రి ఫొటో. రెండు నకళ్లూ బల్ల మీద పెట్టి విషయం మొత్తం చెప్పాను. కాగితాలు ముందు నుంచి వెనక దాకా చదివారు. మధ్యలో ఇద్దరు పార్టీలు వస్తే కూర్చోమని చెప్పి మరీ చదివారు.

‘చిన్నబ్బాయి గారు నాకు తెలుసమ్మా. గుడివాడలో ఉంటారు’ అన్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ‘నంబరు ఇవ్వగలరా అన్నయ్య గారూ’ అన్నాను.

‘ఆయన నంబరు మీకు ఇవ్వను. మీ నంబరు ఆయనకి ఇస్తాను. ఏ పని మీద వచ్చారో చెబుతాను. మాట్లాడాలనుకుంటే ఆయనే చేస్తారు’ అన్నారు.

ముందు కొంచెం నిరాశ కలిగింది, నిజం చెప్పాలి. తర్వాత 1,499 రూపాయల నివేదిక గుర్తొచ్చింది. నా నంబరు, వకీలు గారి నంబరు రాసిచ్చి వచ్చాను. ఫీజు ఎంతంటే, ‘నేనేం రాశానమ్మా ఫీజు తీసుకోవడానికి’ అన్నారు. చివరికి చెల్లు రసీదు కూడా ఆయన దగ్గరే రాయించాం, అందుకు మామూలుగా తీసుకునేదే తీసుకున్నారు.

ఫోను కోసం ఎదురుచూసే రెండు రోజుల్లో రెండు పనులు చేశాను. ఒకటి, కార్పొరేషన్లో పెద్దాయన మరణ రిజిస్టరు నకలుకి అర్జీ పెట్టడం. 1969 జనన మరణాల చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఎవరైనా వెతికించుకోవచ్చు, కుటుంబమే అడగాలని లేదు. నకలులో పోయిన కారణం మాత్రం రాయరు, చట్టమే వద్దంది. దస్తావేజు వల్ల తేదీ చేతిలో ఉంది కాబట్టి పని తేలికైంది. పాత రిజిస్టర్లు తేదీల వరసలో ఉంటాయి, తేదీ తెలియకుండా పేరు పట్టుకుని వెళ్తే ఎవరికైనా కష్టమే. ఎంట్రీ దొరకకపోతే దొరకలేదని కూడా కాగితం ఇస్తారు, అదీ అడిగి తీసుకోండి, తర్వాత పనికొస్తుంది. రెండోది ఈకోర్ట్స్ వెబ్‌సైటు. పార్టీ పేరు, సంవత్సరం ఇచ్చి మా నాన్న పేరు మీద కేసులేమీ లేవని చూసుకున్నాను. ఉచితం, తొందరగా అవుతుంది. పేరుని రెండు మూడు స్పెల్లింగులతో కొట్టి చూడాలి, అంతే.

సాయంత్రాలు ఏమీ తోచక ఊళ్లో నడిచాను. ఒకరోజు డచ్చివాళ్ల సమాధుల దగ్గరికి వెళ్లాను. చిన్నప్పుడు మాకు అది దయ్యాల తోట. వాళ్లని మా పెద్దలు వలందులనేవారు, వలందపాలెం పేరు అక్కడి నుంచే వచ్చింది. పదిహేడో శతాబ్దపు రాళ్ల మీద పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ చెక్కి ఉన్నాయి. నాకు ఆ భాష రాదు. అంకెలు మాత్రం చదివి, పుట్టిన ఏడు, పోయిన ఏడు తీసివేసుకుని ఒక్కొక్కరు ఎన్నేళ్లు బతికారో లెక్క చూసుకుంటూ తిరిగాను. బందరులో బతికిన మనిషి గురించి నేను చేత్తో తడిమి చూసిన అన్నిటికంటే పాత రికార్డు అదే.

మూడో రోజు పొద్దున్నే ఫోను మోగింది. గుడివాడ నుంచి. ‘మీరు ఫలానా గారి అమ్మాయా? మీ నాన్నగారు మా కొట్టుకి వచ్చేవారు, నాకు గుర్తుంది’ అన్నారు. ఆయనకి 68 ఏళ్లు. నేను సంజాయిషీ మొదలుపెట్టేలోపే, ‘అమ్మా, మా నాన్న ఖాతా పుస్తకాలు నా దగ్గరే ఉన్నాయి, చూసి చెబుతాను’ అన్నారు.

ఆదివారం గుడివాడ వెళ్లాను. ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడుగాటి పుస్తకం, పేజీలు నిలువుగా మడతలు పెట్టి గీతలు. మా నాన్న పేరు మీద ఒక పేజీ. నెలనెలా జమలు, ఒక్కో నెల 150, ఒక్కో నెల 200, మధ్యలో ఒక వేసవి మూడు నెలలు ఏమీ లేదు. 1984 ఆఖరి జమ కింద ‘చెల్లు’ అని రాసి అడ్డగీత కొట్టి ఉంది. అమ్మ చెప్పింది నిజం. అది ఏ ప్రభుత్వ ఆఫీసులోనూ ఉండే కాగితం కాదు. ఆయన దాచి ఉండకపోతే, ఇంత వెతికినా వాళ్లు మమ్మల్ని ఎందుకు నమ్మాలి?

అన్నగారు, చెల్లెలు కూడా ఒప్పుకున్నారు. చెల్లెలు గారు విశాఖపట్నం నుంచి వచ్చారు. వాళ్ల అమ్మగారు కూడా పోయారు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం మాత్రం వాళ్లే వార్డు సచివాలయంలో అర్జీ పెట్టి తెచ్చుకున్నారు, అది నాలాంటి బయటివాళ్లు అడిగేది కాదు. ముగ్గురూ కలిసి చెల్లు రసీదు రిజిస్టరు చేసిచ్చారు. దారి ఖర్చులు ఇస్తానంటే పుచ్చుకోలేదు. కోనేరు సెంటరులో అందరం కలిసి టిఫిను చేశాం, చెల్లెలు గారికి రెండు కిలోల తొక్కుడు లడ్డు కట్టించి ఇచ్చాను.

రసీదు రిజిస్ట్రేషను ఖర్చు, నా రైలు చార్జీలు పక్కన పెడితే, ఈసీలకి, నకళ్లకి, మరణ రిజిస్టరుకి అన్నిటికీ కలిపి ఆ ప్రైవేటు వెబ్‌సైటుకి కట్టినంత కూడా కాలేదు.

ఒక్క సంగతి మిగిలింది, ఇల్లు అమ్మేవాళ్లు చూసుకోండి. మొన్న మా ఇంటి ఆన్‌లైన్ ఈసీ మళ్లీ తీశాను. అందులో ఇప్పుడు ఒకే ఒక్క ఎంట్రీ ఉంది, ఈ చెల్లు రసీదు. 1979 తనఖా 1983కి ముందుది కాబట్టి అందులో రాదు. ఎప్పుడైనా చదివేవాళ్లకి, ఏ అప్పుకి ఈ రసీదని అనుమానం వస్తుంది. అందుకని మాన్యువల్ ఈసీ, 1979 నకలు, రసీదు మూడూ ఒకే కవర్లో పెట్టి కొన్నవాళ్ల చేతికిచ్చాను. ఖాతా పుస్తకం పేజీ ఫొటో మాత్రం అమ్మ తన దగ్గర ఉంచుకుంది.